ఎనిమిదో రౌండు, ఎడమ కన్ను

పొద్దున్నే లాండ్రీ తెరిచేది అక్క. ముందు బాయిలరు వెలిగించి, కిటికీ రెక్కలు బార్లా తీసి, పొడుగాటి బల్లని తడిగుడ్డతో తుడిచేది. తర్వాత మూటలు విప్పేది. ఆస్పత్రి దుప్పట్లు ఒక పక్క, హోటలు దుప్పట్లు ఇంకో పక్క, ఇళ్ళవాళ్ళ చొక్కాలు బుట్టలో. ఈ మూడూ ఎక్కడైనా కలిశాయంటే ఆ పూట ఆమెతో ఎవరూ మాట్లాడకపోవడమే మంచిది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ఆమె మొగుడు అందరికీ బావ. ఆవిరి ఇస్త్రీ అతని పని. పొట్ట బల్లకి ఆనించి, ఒక చేత్తో ఇస్త్రీ తోస్తూ రెండో చేత్తో మడత వేసేవాడు. నోరు మాత్రం ఆ రెండు చేతుల కన్నా జోరుగా నడిచేది.

ఆ వేళ బావ కింది పెదవి చిట్లి ఉంది. చొక్కాల కోసం వచ్చిన టీచరమ్మ అది చూసి, "నిన్న ఎవరు గెలిచారండీ?" అని అడిగింది.

"కండక్టరు మనిషే. పాయింట్ల మీదే లెండి," అన్నాడు బావ. "పడగొట్టడం వాడి తరం కాలేదు."

"నొప్పిగా ఉందా?"

"మాట్లాడితేనే."

"అయితే రోజంతా నొప్పే," అంది లోపల్నుంచి అక్క.

ఆ లాండ్రీలో జరిగేది ఇదీ. మధ్యాహ్నం తిళ్ళయ్యాక, బాయిలరు చల్లారే వేళకి, పక్కింటి కండక్టరు వచ్చి మూటల మీద కూర్చునేవాడు. బస్సు ఉద్యోగం నుంచి దిగిపోయి చాలాకాలమైనా గొంతు ఇంకా బస్సులోనే ఉండేది. బావా అతనూ క్రూయిజర్ వెయిట్ బాక్సర్ల గురించి వాదించుకునేవారు. ఒక కాలపు ఛాంపియనూ ఇంకో కాలపు ఛాంపియనూ ఎదురుపడితే ఎవరు గెలుస్తారని. ఒకడు పుట్టేసరికి రెండోవాడు పోయుండవచ్చు, అయినా సరే. వాదన రౌండు రౌండుగా నడవాలి. తన మనిషి ఏ చెయ్యి ఎప్పుడు విసురుతాడో చెప్పాలి. అవతలివాడి దెబ్బ ఎలా తప్పించుకుంటాడో చెప్పాలి. చెప్పలేకపోతే తగిలినట్టే. తెల్లారేసరికి ఎవరి మనిషి తిన్న దెబ్బలు వాళ్ళ ఒంటి మీద తేలేవి. గెలిచినవాళ్ళకీ తేలేవి, ఒక్క దెబ్బా తినకుండా గెలిచేవాడు ఎవడు గనక. మామూలు దెబ్బల్లాగే నల్లబడి, పచ్చబడి, కొన్నాళ్ళకి మానిపోయేవి.

హెవీ వెయిట్ వాళ్ళ గురించి గొంతు పోయేలా అరిచినా అక్కడ దోమ కుట్టినంత కూడా తేలేది కాదు. క్రూయిజర్ వెయిట్ అనే ఆ తొంభై కిలోల మధ్య తరగతికే ఆ మర్యాద. పైన భారీ మనుషులు, కింద చురుకైనవాళ్ళు, వీళ్ళని పట్టించుకునే నాథుడు లేడు. పేపర్లో ఫొటో పడితే ఆఖరి పేజీలో, వాన కబురు పక్కన. కాస్త పేరు రాగానే నాలుగు ముద్దలు ఎక్కువ తిని పై తరగతికి ఎక్కిపోయేవారు కొందరు. ఎక్కిపోకుండా అక్కడే ఉండిపోయినవాళ్ళంటే లాండ్రీలో గౌరవం.

ఇంకొక్కటి. నోటితో ఒకటి చెబుతూ మనసులో ఇంకొకటి అనుకుంటే ఆ పోటీ జరిగినట్టే కాదు. తెల్లారి ఇద్దరి మొహాలూ కడిగిన పళ్ళేల్లా ఉండేవి. అందుకని ఎవరికి నమ్మకమున్న మనిషిని వాళ్ళే తీసుకునేవారు.

ఆ మధ్యాహ్నం బావ చిట్లిన పెదవితోనే రేవుమనిషిని తీసుకున్నాడు. రేవులో బస్తాలు మోసి, ఆనక ఛాంపియన్ అయినవాడు. కండక్టరు కంసాలిని తీసుకున్నాడు. పొడుగు చేతులవాడు, కొలిచి కొట్టేవాడు.

"మూడో రౌండులో మా రేవుమనిషి నీ కంసాలి పక్కటెముకల్లో దూరిపోతాడు," అన్నాడు బావ.

"దూరడానికి ముందు దగ్గరికి రావాలిగా. ముందుకి జరుగు బావా, ముందుకి జరుగు, మెట్టు మీదే నిలబడితే ఎలా? నీవాడు వచ్చేలోపల ముక్కు మీద నాలుగు ముద్రలు పడుంటాయి."

"పడనీ. మావాడికి ముక్కు ఎప్పుడో పోయింది. ఇంకా కొడితే నీవాడి చెయ్యే నొప్పెడుతుంది."

"ఆ ముక్కు తేలేది మీ మొహానే," అంది అక్క దుప్పటి దులుపుతూ. "రేపు హోటలు మేనేజరు వస్తాడు. కాస్త చూసుకుని ఓడిపోండి."

వాదన అక్కడ ఉండగానే అక్క తమ్ముడు ఖాళీ బండి తోసుకుంటూ వచ్చాడు. ఉతికిన మూటలు ఆస్పత్రికీ హోటలుకీ చేరవేసేది అతనే. అతన్ని నిదానం అనేవారు. నడకలో నిదానం, మాటలో నిదానం, బాక్సింగులోనూ అంతే. నిజమైన బాక్సరే, నిజమైన క్రూయిజర్ వెయిటే. కుర్రతనం నుంచి కొట్లాడుతున్నాడు, ముప్పై దాటి చాన్నాళ్ళయింది. గెలిచినవి ఎక్కువ, చూసినవాళ్ళు తక్కువ.

బండి గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని, నీళ్ళు తాగి, అప్పుడు చెప్పాడు. "తలుపుతో నాకు పోటీ కుదిరింది."

తలుపు అంటే అప్పటి ఛాంపియన్. ఎవరొచ్చినా మూసుకుని నిలబడతాడని ఆ పేరు. ఏడేళ్ళుగా ఎవరూ తియ్యలేదు.

"వాడితో తలపడాల్సినవాడికి చెయ్యి విరిగింది," అన్నాడు నిదానం. "వచ్చే నెలలోనే పోటీ. బరువు సరిపోయేవాడు, వెంటనే దొరికేవాడు కావాలన్నారు. నేను దొరికాను."

"నువ్వెక్కడికైనా పోతేగా దొరక్కపోవడానికి," అన్నాడు బావ. కానీ ఇస్త్రీ పక్కన పెట్టేశాడు.

అక్క ఒక్క మాటే అంది. "కన్ను?"

పోయినేడు ఒక పోటీలో తమ్ముడి ఎడమ కంటి లోపలి తెర ఊడి లేచింది. కంటి డాక్టరు అతికించాడు. అతికించి, ఇంకో గట్టి దెబ్బ అక్కడే తగిలితే మాత్రం ఆ కంటి మీద ఆశ వదులుకోవాలని చెప్పాడు. బాక్సింగ్ సంఘం వాళ్ళు పరీక్ష చేసి చూపు బాగానే ఉందన్నారు. బాగానే ఉంది, నిజమే. తగిలేదాకా బాగానే ఉంటుంది.

"వెళ్ళవు," అంది అక్క.

"వెళ్తానక్కా."

"రెండు కళ్ళుండి ఈ బండినే సరిగా తొయ్యవు. మొన్న కరెంటు స్తంభానికి కొట్టావు. ఒక్క కన్నుతో ఏం తోస్తావు?"

"స్తంభమే అడ్డమొచ్చింది."

అక్క నవ్వలేదు. నిదానం కూడా నవ్వించాలని అనలేదు.

"ఇన్నేళ్ళు ఊరికే కొట్టించుకున్నాను," అన్నాడు. "ఒక్కసారి ఛాంపియన్ బెల్టు కోసం కొట్టించుకోనీ. ఇంకేమీ అడగను నిన్ను."

"అడుగు. ఇంకేదన్నా అడుగు."

ఆ పూట నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బల్ల దగ్గర, ఒకే దుప్పటికి చెరో కొస పట్టుకుని మడత పెడుతూ కూడా మాట్లాడుకునేవారు కాదు. "మీ బావమరిదికి చెప్పండి, తిండి చల్లారిపోతోందని," అనేది అక్క మొగుడితో. "నాకు వినబడింది బావా," అనేవాడు నిదానం. "మీ ఇద్దరి మధ్య నేను టెలిఫోనునా," అని బావ విసుక్కునేవాడు. ఆమె పట్టుదల అంతా దుప్పటి మడతల్లో తెలిసిపోయేది, కత్తితో కోసినట్టు ఉండేవి అంచులు. అతని పట్టుదల పొద్దున్నే వినబడేది. వెనక గదిలో తడి దుప్పట్ల మూట ఒకటి వేలాడదీసి, దాన్ని కొట్టేవాడు. తడి మూట కాబట్టి చప్పుడు మెత్తగా ఉండేది, ఆగేది మాత్రం కాదు.

చివరికి కండక్టరే అన్నాడు. "ఇన్నేళ్ళూ పోయినవాళ్ళ పోటీలు ఇక్కడ కూర్చుని తేల్చాం. ఉన్నవాళ్ళ పోటీ తేల్చలేమా? తలుపు తరఫున నేను మాట్లాడతాను. ఆ మనిషిని మొదటి పోటీ నుంచీ చూస్తున్నా."

"నా తరఫున నేను మాట్లాడతా," అన్నాడు నిదానం.

"నీకేమన్నా మతిపోయిందా?" అక్క తమ్ముడి వైపు తిరిగి నేరుగా మాట్లాడింది. "తెల్లారి ఆ దెబ్బ నీ కంటికే తేలుతుంది."

"నేనున్నానుగా," అన్నాడు బావ. "నా కళ్ళు రెండూ కొత్తవాటిలా ఉన్నాయి. నా బావమరిది గురించి నాకు తెలియందేముంది?"

ఒప్పందం అక్కే పెట్టింది. "తెల్లారి మీ బావ ఎడమ కన్ను మూసుకుపోయి ఉంటే నువ్వు వెళ్ళవు. ఇంకో మాట లేదు."

"మూసుకోకపోతే?"

"నీ సంచీ నేనే సర్దుతాను."

నిదానం కాసేపు ఆలోచించి తలూపాడు. తల ఊపాడంటే రాసిచ్చినట్టే.

ఆ రోజు బావ వాదించినంత గట్టిగా ఎప్పుడూ వాదించలేదు. బల్ల గుద్దాడు. బావమరిది వేగం చెప్పాడు, బలం చెప్పాడు, రెండో రౌండులోనే తలుపుని తాళ్ళ మీదికి నెట్టేశాడు. కండక్టరు నీళ్ళు నమిలాడు. ఐదో రౌండుకల్లా తలుపు నేల మీద ఉన్నాడు. బావ లేచి తన రెండు చేతులూ తనే పైకెత్తుకున్నాడు.

తెల్లారింది. బావ మొహం మీద గీత కూడా లేదు. కండక్టరు గుమ్మంలోకి వచ్చాడు, అతని దవడా నున్నగా ఉంది. నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వు నమ్మలేదన్నమాట బావా," అన్నాడు నిదానం.

బావ ఇస్త్రీ చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పెట్టేశాడు. "నమ్మాననే అనుకున్నానురా. ఒట్టు. వాదిస్తున్నంతసేపూ నమ్మాను."

"వేగం అన్నావు. నాకు వేగమెక్కడిది?"

"అదే మరి," అన్నాడు బావ చిన్నగొంతుతో. "నీకు లేనివన్నీ చెప్పాను. ఉన్నవాటితో గెలుస్తావని అనుకోలేదు కాబోలు."

నిదానం బండి తోసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆస్పత్రి మూట హోటలుకి, హోటలు మూట ఆస్పత్రికి చేరింది. అక్కకి కోపం రాలేదు. రెండుచోట్లకీ తనే వెళ్ళి మార్పించి వచ్చి, మధ్యాహ్నం కండక్టరు ఎదురుగా మూట మీద కూర్చుంది.

"నేను మాట్లాడతా వాడి తరఫున."

"చెల్లెమ్మా, నా వల్ల కాదు," అన్నాడు కండక్టరు. "రేపు పొద్దున నీ మొహం నేనెలా చూడను?"

"మీ మొహం చూసుకోండి ముందు. దయ తలచి మాట జారవిడిచారంటే తెల్లారి నాకు తెలిసిపోతుంది. అప్పుడు చూడండి మీ చొక్కాలకి ఇస్త్రీ ఎవరు చేస్తారో."

"నువ్వు వెళ్ళొద్దంటున్నదానివి కదా," అన్నాడు బావ. "వాడు గెలుస్తాడని నువ్వెలా వాదిస్తావు?"

"వెళ్ళొద్దన్నాను. గెలవడని ఎప్పుడన్నాను?"

నిదానం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అక్క అతని వైపు చూడలేదు.

"మొదటి రౌండులో తలుపు ఏమీ చెయ్యడు," అని మొదలెట్టాడు కండక్టరు. "నిలబడతాడు. నీ తమ్ముడు ఎటు తోసినా కదలడు."

"మావాడు తొయ్యడు. వాడూ నిలబడతాడు. జనం ఈలలేస్తారు. మావాడికి అలవాటే."

"నాలుగులో తలుపు కుడి చెయ్యి బయటికొస్తుంది. కడుపులోకి."

"తగులుతుంది. మోచెయ్యి దించేలోపలే తగులుతుంది. మావాడు కిక్కురుమనడు. చిన్నప్పుడు మేడ మెట్ల మీంచి పడ్డప్పుడూ అనలేదు. స్నానం చేయించబోతే నాకు తెలిసింది, వీపంతా కమిలిపోయి ఉంది."

"ఆరు, ఏడు కూడా తలుపువే."

"మీవే. తీసుకోండి."

"ఎనిమిదిలో?"

అక్క చేతిలోని దుప్పటి పక్కన పెట్టింది. "ఎనిమిదిలో తలుపుకి విసుగొస్తుంది. అలసట కాదు, విసుగు. మావాడు నెమ్మదస్థుడని అందరూ అనుకుంటారు. కాదు. అవతలివాడు మొదలెట్టేదాకా ఆగుతాడు. అలాంటివాడి ఎదురుగా అంతసేపు నిలబడటం ఎవరికైనా కష్టమే. తలుపు గట్టిగా కొట్టేద్దామనుకుంటాడు. కొట్టేముందు వాడి కుడి భుజం వేలెడు దిగుతుంది. అప్పుడు మావాడి ఎడమ చెయ్యి వెళ్తుంది. దవడకి."

కండక్టరు గొంతు తగ్గించాడు. "ఎడమ చెయ్యి వెళ్తే ఎడమ చెంప ఖాళీ. తలుపు కుడి చెయ్యి అప్పటికే బయల్దేరి ఉంటుంది."

"ఉంటుంది," అంది అక్క. "రెండూ ఒకేసారి తగుల్తాయి. మావాడు నిలబడతాడు. మీవాడు పడతాడు."

కండక్టరు చాలాసేపు వెతికాడు. తలుపుని లేపడానికి అతనికి ఒక్క మాట దొరకలేదు. బావ పది అంకెలూ లెక్కపెట్టాడు.

తెల్లారేసరికి అక్క ఎడమ కన్ను వంకాయలా వాచి మూసుకుపోయి ఉంది. కడుపు మీద ఇంకో రెండు చోట్ల కమిలింది, అవి ఆమె ఎవరికీ చూపించలేదు. కండక్టరు దవడ కుడివైపు ఉబ్బిపోయి, తువ్వాలు కట్టుకుని వచ్చాడు. మాట రాలేదు. ఎనిమిది వేళ్ళు చూపించి తల అడ్డంగా ఊపాడు.

కబురు వీధంతా పాకింది. టీచరమ్మ వచ్చి అక్క కన్ను చూసి, కండక్టరు దవడ చూసి, "అయితే మనవాడు ఛాంపియనే," అంది. రొట్టెల కొట్టతను గుమ్మంలోంచే నిదానానికి నమస్కారం పెట్టాడు.

నిదానం నమస్కారం అందుకోలేదు. అక్క ఎదురుగా వచ్చి, ఆ మూసుకుపోయిన కన్ను చూసి, "సరే," అన్నాడు. "ఒప్పందం ఒప్పందమే. వెళ్ళను." బండి దగ్గరికి నడిచాడు.

అక్క ఇస్త్రీ పెట్టె వెనకున్న స్టీలు రేకులో తన మొహం చూసుకుంది. చూసుకుని, "ఇటు రా," అని పిలిచింది. "ఇది ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పు."

అతను వేలికొసతో తాకి చూశాడు. ఆ పని అతనికి బాగా తెలుసు. "కిందనుంచి రాలేదు. నేరుగా వచ్చింది. నా చెయ్యి చెంప వదిలిన మరుక్షణం వచ్చింది."

"వదలకపోతే?"

"చేతికి తగులుతుంది."

"అయితే మళ్ళీ వాదిద్దాం," అంది అక్క. "ఈ వాపు దిగనివ్వు. ఒప్పందం సంగతి తర్వాత."

బావ నెత్తి పట్టుకున్నాడు. "నువ్వే వద్దన్నావు, వాడు మానుకున్నాడు, ఇప్పుడు నువ్వే..."

"గెలుస్తాడని తెలిశాక ఊరుకోవడం నావల్ల కాదు. వాడు గెలవాలి, కన్నూ ఉండాలి. ఆ దారేదో ఉండే ఉంటుంది. మీరు బాయిలరు చూడండి."

ఆ నెలంతా అదే పని. వాపు కాస్త తగ్గగానే వాదన. నిదానం కుడివైపు అడుగేసి కొట్టినట్టు వాదించింది, తల దించి కొట్టినట్టు వాదించింది, ముందు కుడి చెయ్యి విసిరి తలుపుని ఏమార్చినట్టు వాదించింది. కండక్టరు ఒక్క మాట వదల్లేదు. చెల్లెమ్మా అని పిలుస్తూనే నిలువునా కొట్టాడు. అతనికి తెలుసు, అక్కడ దయ చూపిస్తే అది నిదానం కంటికి ద్రోహమని. పొద్దున్నే నిదానం అక్క మొహం ముందు నిలబడి, ఎక్కడెక్కడ తగిలిందో చూసి, వెనక గదిలోకి వెళ్ళి తడి మూట ముందు దాన్నే సరిచేసుకునేవాడు. ఎడమ చెయ్యి చెంపకి అంటించి ఉంచడం అలవాటు కావాలని, బండి ఒంటిచేత్తో తోసేవాడు. ఎడమ చెయ్యి చెంప మీదే పెట్టుకుని తినేవాడు. అది చూసి చూసి బావ కూడా చెంపన చెయ్యి పెట్టుకుని ఇస్త్రీ చెయ్యడం మొదలెట్టాడు. "మీ ఇద్దరికీ పళ్ళు నొప్పా?" అని హోటలు మేనేజరు అడిగాడు.

కానీ ఫలితం ఒక్కలాగే వచ్చేది. కండక్టరు దవడ వాచిన పొద్దున అక్క కన్ను మూసుకుపోయేది. అక్క కన్ను తెరుచుకుని ఉన్న పొద్దున కండక్టరు దవడ నున్నగా ఉండేది, పన్నెండు రౌండ్లూ అయ్యాక పాయింట్లు తలుపువే.

"ఇవాళ కన్ను బాగుందే అక్కా," అనేది టీచరమ్మ.

"ఓడిపోయాను," అనేది అక్క.

పోటీకి ముందురోజు సంచీ తెచ్చి బల్ల మీద పెట్టింది. అప్పటికి ఆమె కన్ను చుట్టూ పచ్చటి రంగు ఒక్కటే మిగిలింది.

"నాకు తెలిసిన దారులన్నీ తొక్కాను," అంది. "మూడోది లేదు. బెల్టు కావాలంటే కన్ను ఇవ్వాలి. కన్ను కావాలంటే ఓడిపోవాలి. ఇంట్లో కూర్చుంటే పోటీయే లేదు. నేనిక వద్దనను. వెళ్ళమనీ అనను."

"వెళ్తా," అన్నాడు నిదానం.

"దేనికి? గెలవడానికా, ఓడిపోవడానికా?"

"అక్కడికెళ్ళాక చూస్తా."

"అబద్ధమన్నా చెప్పొచ్చు కదరా."

"నీకా?" అన్నాడు.

ఆమె సంచీ సర్దింది. తువ్వాళ్ళు మడతపెట్టింది, అంచులు కత్తితో కోసినట్టు.

పోటీ ఒక సాయంత్రం, బస్సులో సగం రోజు దూరమున్న ఊళ్ళో. హాలు సగమే నిండింది, క్రూయిజర్ వెయిట్ అంటే అంతే. అక్క బక్కెట్టూ తువ్వాలూ పట్టుకుని తమ్ముడి మూలలో నిలబడింది, బావ నీళ్ళ సీసా పట్టుకున్నాడు. కండక్టరు టికెట్టు కొనుక్కుని మొదటి వరసలో కూర్చున్నాడు.

మొదటి రౌండులో ఇద్దరూ నిలబడ్డారు. జనం ఈలలేశారు. నాలుగులో కడుపులో తగిలింది, నిదానం కిక్కురుమనలేదు. ఆరు, ఏడు తలుపువి. ఎడమ చెయ్యి చెంప వదల్లేదు. ఏడో రౌండయ్యాక స్టూలు మీద కూర్చున్న తమ్ముడి మొహం అక్క తుడిచింది. ఆమె ఏమీ చెప్పలేదు. అతనూ అడగలేదు. బావ మాత్రం ఉండబట్టలేక, "బావమరిదీ, నీళ్ళు," అన్నాడు, అప్పటికే అతను తాగేశాడు.

ఎనిమిదిలో, గంట మోగిన కాసేపటికి, తలుపు కుడి భుజం వేలెడు దిగింది.

హాల్లో ఎవరికీ కనబడలేదది. లాండ్రీ వాళ్ళు నలుగురికే కనబడింది. కండక్టరు తన దవడ పట్టుకున్నాడు. అక్క తువ్వాలు గుండెలకి నొక్కుకుంది. తలుపు దవడ తెరిచి పెట్టినట్టు అక్కడ ఉంది, లాండ్రీ వాదనల్లో ఇన్ని మధ్యాహ్నాలూ ఉన్నచోటే. నిదానం ఎడమ చెయ్యి కదిలింది. చెంపకీ గ్లవ్వుకీ మధ్య సన్నటి వెలుగు పడింది.

చెయ్యి ఆగింది. వెనక్కొచ్చి చెంపకి అంటుకుంది.

తలుపు కుడి చెయ్యి వచ్చి ఆ చేతి మీద పడింది. దెబ్బ తోలునీ, గుడ్డనీ, వేళ్ళనీ దాటి ఎముకలోకి దిగింది. నిదానం మూడడుగులు వెనక్కి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో అంత బరువైన దెబ్బ అతను తినలేదు. అంత బరువనీ అనుకోలేదు. పొద్దున్నే అక్క మొహంలో రంగులు చూశాడు, వేలికొసతో తాకి దెబ్బ దారి చెప్పాడు, దాని బరువు మాత్రం ఇప్పుడే తెలిసింది. దీన్నే ఆమె ఇన్నిసార్లు అడ్డం లేకుండా తీసుకుని, లేచి బాయిలరు వెలిగించింది.

మూలలో ఉన్న అక్క వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత తలుపు వైపు నడిచాడు, కుడి చెయ్యి ఒక్కదానితో.

మిగిలిన నాలుగు రౌండ్లూ ఆ ఒంటిచేత్తోనే పోట్లాడాడు. తొమ్మిదో రౌండు అతనిదే అయింది. పదకొండులో తలుపుని ఒక మూలకి నెట్టి అక్కడే ఉంచాడు, ఈలలు ఆగిపోయాయి. జనం లేచి నిలబడ్డారు. ఎడమ చెయ్యి మాత్రం చెంప మీదే ఉంది. ఆఖరి గంట మోగాక రిఫరీ తలుపు చెయ్యి పైకెత్తాడు. పాయింట్లలో తేడా పెద్దగా లేదు.

తర్వాత, చేతుల కట్లు విప్పుకుంటున్న గదిలోకి తలుపు వచ్చాడు. మంచి మనిషి, కాస్త సిగ్గరి.

"ఎనిమిదిలో నా దవడ నీకు కనబడింది," అన్నాడు. "నాకు తెలుసు. ఎందుకు కొట్టలేదు?"

"కొట్టాను," అన్నాడు నిదానం. "మా లాండ్రీలో. చాలాసార్లు పడ్డారు మీరు."

తలుపు ఆలోచించాడు. "నా తరఫున ఎవరు మాట్లాడారు?"

"మా కండక్టరు గారు. బాగా మాట్లాడారు. లేవలేకపోయారంతే."

"ఆయనకి నా నమస్కారం చెప్పు," అన్నాడు తలుపు. వెళ్ళబోతూ అక్కని చూసి, ఆమె కంటి చుట్టూ ఉన్న పచ్చరంగు చూసి, తన కుడి చేతిని వీపు వెనక పెట్టుకున్నాడు.

పొద్దున తిరుగు బస్సు ఎక్కారు. కండక్టరు ఆ బస్సు కండక్టరుతో ఏదో తప్పు పట్టి వాదిస్తున్నాడు. బావ కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. నిదానం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి వాచి రొట్టెలా ఉంది. వేలు విరిగిందేమో, ఇంకా చూపించలేదు.

అక్క అతని వైపు తిరిగి, తన అరచేత్తో అతని కుడి కన్ను మూసింది.

"ఆ బోర్డు చదువు."

"మేలురకం రంగులు. టోకున, చిల్లరగా," అన్నాడు.

"దాని కింద?"

"ఆదివారం సెలవు."

బస్సు మలుపు తిరిగింది. ముందు ఒక లారీ పోతోంది, వెనక దుమ్ముపట్టిన అక్షరాలు. అవి అక్కకే సరిగా కనబడలేదు. నిదానం కాస్త ముందుకి వంగి, ఒక్కొక్క మాటా విడివిడిగా చదివాడు. బరువు ఎంత మొయ్యాలో రాసి ఉంది, దూరంగా ఉండమని రాసి ఉంది. తొందరపడలేదు. ఒక్క అక్షరం వదల్లేదు.

"నేను గెలిచేవాణ్ణి అక్కా," అన్నాడు చదవడం అయ్యాక.

"తెలుసు," అంది.

ఆమె చెయ్యి తియ్యలేదు.

"ఆ పక్క గోడ మీదిది చదువు," అంది.